ఇద్దరు కలిసి మొదటి రాప్ పాట కట్టుకోవడం ఎలా: కంచరపాలెం రికార్డింగు గది నుంచి

పోయినేడు వానాకాలంలో గాజువాక నుంచి ఇద్దరు కుర్రాళ్లు మా గదికి వచ్చారు. కంచరపాలెంలో మా మేడ మీద ఉన్న చిన్న రికార్డింగు గది అది. పెళ్లి పాటలు, ఎలక్షన్ పాటలు, బట్టల కొట్ల ప్రకటనలు, భజనలు, పదకొండేళ్లుగా ఇవే నా పని. ఒకడికి ఇరవై, రెండోవాడికి పంతొమ్మిది. మెట్లెక్కుతూ "ఒరే, గొడుగేదిరా, బేగు తడిసిపోనాది" అని అరుచుకుంటూ వచ్చారు. "అక్కా, మాది రాప్ గ్రూపు. ఒక పాట రికార్డు చేసిపెట్టాలి" అన్నారు. మైకు ముందు నిలబెట్టాను. నోరు తెరిచేసరికి ఆ మెట్ల మీది కుర్రాళ్లు మాయమైపోయారు. మాటలు తెలుగే, కానీ 'ర' దగ్గర నాలిక మడత, 'ట' సగం మింగుడు, ప్రతి లైను చివరా ఒక ఇంగ్లిష్ బూతు. రెండు టేకులు విని ఆపేశాను. ఇద్దరినీ కూర్చోబెట్టి, టీ పోసి, స్కాట్లండ్‌లో డండీ అనే ఊరి కుర్రాళ్ల కథ చెప్పాను.

ఆ తరవాత మూడు నెలలు పట్టింది వాళ్ల మొదటి పాటకి. ఆ మూడు నెలల్లో ఏం చేశామో చేసిన వరసలోనే రాస్తున్నాను. ఇద్దరు కలిసి రాప్ మొదలుపెట్టాలనుకునేవాళ్లు మన విశాఖలో చాలామందే ఉన్నారు. వాళ్లందరూ నా గదికి రాలేరు.

మైకు కొనకముందు ఈ కథ వినండి

ఆ డండీ కుర్రాళ్లు గావిన్ బెయిన్, బిల్లీ బాయిడ్. ఇద్దరికీ రాప్ అంటే ప్రాణం, నిజంగానే బాగా కట్టేవాళ్లు. ఆడిషన్ ఉందని తెలిసి అంత దూరం లండన్ వెళ్లారు. పాడుతుంటే ఎదురుగా కూర్చున్నవాళ్లు నవ్వారు. స్కాట్లండ్ యాసలో పాడే ప్రొక్లెయిమర్స్ అనే జోడీ రాప్ చేస్తున్నట్టుందన్నారు. ఆ అవమానంతో ఇంటికొచ్చి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు: ఇకమీదట మనం కాలిఫోర్నియా వాళ్లం. అమెరికా యాస నేర్చుకుని, సిలిబిల్ అండ్ బ్రెయిన్స్ అని పేరు పెట్టుకుని మళ్లీ లండన్ వెళ్తే ఈసారి తలుపులు తెరుచుకున్నాయి. 2004లో సోనీ సంస్థ బ్రిటన్ శాఖతో ఒప్పందం కుదిరింది. ఎమ్‌టీవీలో కనిపించారు. కానీ వేసుకున్న యాసని ఇక తీసే వీల్లేదు. స్టూడియోలో, పార్టీలో, ఇంట్లో, అన్ని చోట్లా అదే యాస, అదే అబద్ధం. ఆల్బమ్ బయటికి రాలేదు. బిల్లీ స్కాట్లండ్ వెళ్లిపోయాడు, జోడీ చెదిరిపోయింది. గావిన్ తరవాత జరిగిందంతా తనే పుస్తకంగా రాశాడు. 2013లో జీనీ ఫిన్లే అనే ఆవిడ వీళ్ల మీద డాక్యుమెంటరీ తీసింది.

ఇందులో నాకు మరీ బాధ కలిగించేది ఆ ప్రొక్లెయిమర్స్ మాట. వాళ్లు స్కాట్లండ్ కవల అన్నదమ్ములు. తమ ఊరి యాస ఒక్క అక్షరం మార్చకుండా పాడి, 1988లో వచ్చిన ఒక పాటతో ప్రపంచమంతా వినిపించారు. అంటే నవ్వినవాళ్లు తెలియకుండానే ఆ కుర్రాళ్లకి దారి చూపించారు. ఆ మాటని వాళ్లు తిట్టుగా పట్టుకున్నారు.

ఈ కథ నాకెందుకింత పట్టింపంటే, నేనూ అదే చేశాను. ఇరవై రెండేళ్లప్పుడు డబ్బింగ్ పని వెతుక్కుంటూ హైదరాబాద్ వెళ్లాను. మొదటి రోజే ఒక స్టూడియోలో "ఈ యాస పనిమనిషి పాత్ర వస్తే వాడుదువుగాని, ఇప్పటికి దాచు" అన్నారు. దాచాను. ఆరేళ్లు పట్టుదలగా దాచాను. 'ఏటి' అనే మాటని నోట్లోంచి కడిగేసుకున్నాను. ఒకరోజు కొత్త నంబరు నుంచి ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ "ఎవురమ్మా, ఎవురు కావాల?" అంది. నేనే అని చెప్పినా రెండు క్షణాలు నమ్మలేదు. ఆ ఏడాదే తిరిగొచ్చేశాను.

అందుకని మొదటి మెట్టు మైకు కాదు, బీటూ కాదు. మీ నోట్లో అసలున్న మాటేదో పట్టుకోవడం.

మీ మాటని మీరే వినండి

ఇద్దరూ ఫోను రికార్డరు పెట్టుకుని ఒక అరగంట మాట్లాడుకోండి. ఫోను మధ్యలో పెట్టి మర్చిపోవాలి. మా కుర్రాళ్లని ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గర కూర్చోమన్నాను. ఒకరినొకరు ఆటపట్టించుకోవాలి, దెబ్బలాడుకోవాలి, ఎవరినో తలుచుకోవాలి. ఇంటికొచ్చి ఆ అరగంటా విని, నోట్లోంచి ఎలా వచ్చిందో అలాగే నోటు పుస్తకంలో రాయండి. 'వెళ్లిపోయాడు' అని దిద్దొద్దు. 'ఎలిపోనాడు' అని వినిపిస్తే అలాగే రాయండి. ఇలా నాలుగు పేజీలైతే అదే మీ నిఘంటువు.

ఇక్కడ ఒక సంగతి బయటపడింది. పెద్దోడిది అనకాపల్లి వైపు కుటుంబం, నాయనమ్మ దగ్గర పెరిగాడు. వాడి మాట నిండా ఉన్నాది, పోనాది, సూడు, సెప్పు. చిన్నోడి నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి గుంటూరు నుంచి వచ్చాడు. ఇంట్లో గుంటూరు మాట, వీధిలో గాజువాక మాట. రెండో వారానికి చిన్నోడు స్నేహితుణ్ణి చూసి ప్రతి లైనులో 'ఏటి', 'ఒలే' కుక్కడం మొదలుపెట్టాడు. అదీ కాలిఫోర్నియా యాసే అని చెప్పాను వాడికి. తనది కాని శ్రీకాకుళం తొడుక్కున్నా, తనది కాని అమెరికా తొడుక్కున్నా వినేవాడికి ఒకటే గీర కనిపిస్తుంది. మన ఊరు అసలే కలగలుపు ఊరు. జాలారిపేట మాట వేరు, రైల్వే క్వార్టర్ల మాట వేరు, స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ మాట వేరు. మీ ఇంట్లో రెండు మాటలు కలిసి ఉంటే పాటలోనూ కలిసే రానివ్వండి.

బ్రిటన్‌లోనూ ఈ పని ముందే చేసినవాళ్లున్నారు. లండన్ పోసీ అనే జట్టులో రాడ్నీ పీ, బయోనిక్ అనే ఇద్దరు 1990లో ఒక ఆల్బమ్ తెచ్చారు. అప్పటిదాకా అక్కడి రాపర్లు చాలామంది అమెరికా గొంతునే అనుకరించేవారు. వీళ్లు లండన్ వీధి మాటకి, ఇళ్లలో వినే జమైకా మాట కలిపి పాడారు. ఆ తరవాత వచ్చిన బ్రిటిష్ రాపర్లు వాళ్లని గురువుల్లా తలుచుకుంటారు. మనకైతే ఉదాహరణలకి అంత దూరం వెళ్లక్కర్లేదు. వాడుక మాట బడిలోకి, రాతలోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు శ్రీకాకుళం వైపు మనిషే. వంగపండు ప్రసాదరావు గారు 2020లో కన్నుమూసేదాకా మన యాసలోనే పాడారు, తెలుగు నేలంతా ఆ పాటలు ఎత్తుకుంది.

లెక్క: ఒక బార్‌లో ఎన్ని మాటలు పడతాయి

ఇదొక్కటి సరిగ్గా కుదిరితే సగం పని అయినట్టే. రాప్ బీట్లు దాదాపు అన్నీ నాలుగు దెబ్బల లెక్కలోనే ఉంటాయి. నాలుగు దెబ్బలు కలిస్తే ఒక బార్. ఒక బార్‌ని ఒక లైను అనుకోండి. నిమిషానికి 90 దెబ్బల వేగంలో 16 బార్లకి దాదాపు 43 సెకన్లు పడుతుంది. లండన్‌లో పుట్టిన గ్రైమ్ అనే రకం పాటలు నడిచే 140 వేగంలో అదే 16 బార్లు 27 సెకన్లలో అయిపోతాయి.

ఇక్కడే మనవాళ్లు దెబ్బతింటున్నారు. ఇంగ్లిష్‌లో ఒక్క అక్షరంతో అయిపోయే మాట తెలుగులో మూడు నాలుగు అక్షరాలు తీసుకుంటుంది. 'కేమ్' అంటే ఒక్క ఊపు, 'వచ్చాను' అంటే మూడు. అందుకే 140 బీటు తెచ్చుకుని తెలుగు కుక్కితే వినేవాడికి గిలకొట్టినట్టుంటుంది, ఒక్క మాటా అందదు. మొదటి పాటకి 80కీ 90కీ మధ్య తీసుకోండి.

ఇప్పుడు మాత్రలు లెక్కపెట్టండి. బడిలో ఛందస్సు పాఠంలో చెప్పిన గురువు, లఘువులే. గురువుకి రెండు మాత్రలు, లఘువుకి ఒకటి. పెద్దోడి పాటలోని ఈ రెండు లైన్లు చూడండి, ఫిషింగ్ హార్బర్ గట్టు మీద వాడు చూసినదే:

గట్టు మీద, కూకునాడు, గాలమేసి, తాత
పట్టుకున్న, సేపకన్న, పెద్దదంట, కోత

'గట్టు మీద' ఆరు మాత్రలు. 'కూకునాడు' ఆరు. 'గాలమేసి' ఆరు. 'తాత' మూడు, ఆ తరవాత మూడు మాత్రల ఖాళీ. ఒక్కో ముక్క ఒక్కో దెబ్బ మీద వాలుతుంది. రెండో లైనూ అచ్చం అంతే. చేత్తో తొడ మీద దెబ్బ వేస్తూ చదివి చూడండి, బీటు లేకపోయినా నడుస్తుంది. దీన్నే 'కూర్చున్నాడు' అని రాస్తే ఏడు మాత్రలవుతుంది, నడక తొట్రుపడుతుంది. యాసని వాడుకోమని నేను అభిమానంతో మాత్రమే చెప్పట్లేదు. మన మాట చాలా చోట్ల బీటుకి తగ్గట్టు ముందే చెక్కి ఉంటుంది.

అన్ని లైన్లూ ఆరు మాత్రల్లోనే నడవక్కర్లేదు. నాలుగుతో నడిపించొచ్చు, నాలుగు లైన్లు అలా వెళ్లి ఆరులోకి మారొచ్చు. కానీ ఎక్కడ మారుస్తున్నారో మీకు తెలిసి మార్చాలి.

ప్రాస దగ్గర జరిగే మోసం

తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. దాంతో అంత్యప్రాస ఊరికే దొరికేస్తుంది. పొద్దున్నే లేచాను, బీచికి వెళ్లాను, ఫ్రెండ్సుని కలిశాను, పాట రాశాను. నాలుగు లైన్లూ 'ఆను'తోనే అయిపోయాయి, ప్రాస కుదిరిందని సంబరం. వినేవాడి చెవికి మాత్రం ఏమీ తగలదు, ఎందుకంటే ఆ 'ఆను' మీరు వెతికి పట్టుకున్నది కాదు, వ్యాకరణం ఊరికే ఇచ్చింది.

దీనికి నేను చెప్పే ఉపాయం, క్రియని లైను మధ్యలోకి లాగి చివర్లో నామవాచకాన్ని కూర్చోబెట్టడం. మాట్లాడేటప్పుడు మనం ఇలా తిప్పుతూనే ఉంటాం, "వచ్చాడ్రా నీ మావ" అంటాం కదా. చిన్నోడు గాజువాక నుంచి కాలేజీకి రోజూ బస్సులో నిలబడే వెళ్తాడు. వాడు రాసుకున్నది ఇది:

పొద్దు పొడవకుండానే పట్టాను బస్సు
నిలబడే గడిచిపోయింది పద్దెనిమిదో వయస్సు

మాటలు వాడి ఇంటివి, 'పోనాది' అనలేదు, అనక్కర్లేదు కూడా. బస్సు, వయస్సు. ఆ 'స్సు' అనే ఒత్తు దగ్గర డ్రమ్ము దెబ్బ పడితే ఎలా ఉంటుందో ఊహించండి. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఇంగ్లిష్‌లోలాగా హల్లు మీద ఠక్కున ఆగడం కుదరదు. ఆ దెబ్బ మనకి ఒత్తుల్లో ఉంది. గట్టు, పెద్ద, బొగ్గు, దుమ్ము, సుత్తి, చప్పట్లు. మీ నోటు పుస్తకంలో ఒత్తులున్న మాటలన్నిటికీ గీత గీసి పెట్టుకోండి. పంచ్ అనుకున్న చోటికి వాటిని పంపండి.

ఇంకోటి కూడా ఉంది. మన పద్యాల్లో ప్రాస అంటే లైను మొదట్లో రెండో అక్షరం. పైన తాత లైన్లు మళ్లీ చూడండి, 'గట్టు', 'పట్టు'. మొదట్లో ఒకటి, చివర్లో 'తాత', 'కోత' ఇంకొకటి. రెండు వైపులా తాళం వేసినట్టుంటుంది. ఇంత సంపద చేతిలో పెట్టుకుని 'ఆను, ఆను' అనుకుంటూ కూర్చోవడం నాకు నిజంగా కష్టంగా ఉంటుంది.

ఇద్దరెందుకు?

ఒకడు తన 8 లైన్లు పాడి పక్కకి జరిగితే రెండోవాడు వచ్చి తన 8 పాడితే, అది ఇద్దరు విడివిడి మనుషుల పాట. జోడీ అంటే ఒకడి లైను రెండోవాడు లేకపోతే పూర్తి కాకూడదు.

మా అమ్మ తరఫు తాతగారిది విజయనగరం పక్క పల్లె, జముకుల కథలో ఆయన వంత. కథ చెప్పేవాడు లైను చివర కాస్త ఖాళీ వదిలేవాడు, తాతగారు అందులో దూరేవారు. బుర్రకథలోనూ మధ్యలో కథకుడు, రెండు పక్కలా ఇద్దరు వంతలు. కుడి పక్కనుండేవాడు రాజకీయం, లోకం తీరు మాట్లాడతాడు, ఎడమ పక్కవాడు హాస్యం. అంటే ఎవరి స్వభావం ఏమిటో ముందే పంచుకున్నారు. మీరూ పంచుకోండి. మా పెద్దోడు నెమ్మదిగా, బరువుగా చెప్తాడు, వాడు కథకుడు. చిన్నోడికి వేళాకోళం ఎక్కువ, గొంతు సన్నం, వాడు వంత. తరవాతి చరణంలో తిరగేసుకున్నారు.

ఇందాక 'తాత' తరవాత మూడు మాత్రల ఖాళీ ఉందన్నాను. అక్కడ చిన్నోడు "ఏటి?" అంటాడు. ఏ రెండు, టి ఒకటి, సరిగ్గా మూడు. వీధిలో వాడు స్నేహితుడితో అనే మాటే కాబట్టి అది వాడి నోట్లో నప్పింది. 'కోత' తరవాత "ఔను" అంటాడు, అదీ మూడే. రాప్‌లో వీటిని ఆడ్‌లిబ్ అంటారు. చాలామంది రికార్డింగు అయిపోయాక ఉప్పు చల్లినట్టు చల్లుతారు, మీరు రాసేటప్పుడే చోటు ఉంచండి. ఇంకా మంచిది, పెద్దోడు "గాలమేసి" దగ్గర ఆగిపోతే "తాత" అని చిన్నోడు అందుకోవడం. దీనివల్ల ఇంకో లాభం ఊపిరి. ఒకడు మాట అంటుంటే రెండోవాడు గాలి పీల్చుకుంటాడు. స్టేజీ మీద ఒంటరి రాపర్‌కి లేని వరం ఇది.

సాధన ఎదురెదురుగా కూర్చుని చేయాలి, ఫోన్లో కాదు. భీమిలి బీచ్‌లో ఇసుక మీద నడుస్తూ పాడమన్నాను వాళ్లని. ఇసుకలో నడుస్తూ 16 బార్లు ఊపిరి తెగకుండా చెప్పగలిగితే స్టేజీ గురించి బెంగ అక్కర్లేదు.

పాట అమరికకి ఎక్కువ ఆలోచించొద్దు. ఒకరికి 8 బార్లు, తరవాత 4 బార్ల హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి), రెండోవారికి 8, మళ్లీ హుక్, చివర ఇద్దరూ కలిసి 8, హుక్. మొత్తం 36 బార్లు, 90 వేగంలో ఒక నిమిషం 36 సెకన్లు. మొదటి పాటకి చాలు.

మన ఊళ్లో రికార్డింగు

ఖరీదైన మైకు అక్కర్లేదు, నిశ్శబ్దం కావాలి. మన ఊళ్లో అదే కష్టం. ఫ్యాను ఆపాలి, ఏసీ ఆపాలి, కిటికీ మూయాలి. పడక గదిలో బట్టల బీరువా తలుపులు తీసి, దానికి ఎదురుగా నిలబడి పాడండి, వేలాడే బట్టలు ప్రతిధ్వనిని పీల్చేస్తాయి. వెనక ఒక దూది పరుపు నిలబెట్టండి. రాత్రి పదకొండు తరవాత మొదలుపెట్టండి. మా గదికి రైలు కూత వినిపిస్తుంది, అది వచ్చిందంటే టేకు ఆపి మళ్లీ మొదటికి వెళ్తాం.

సముద్రపు గాలి సామానుని తినేస్తుంది, ఇది బయటి ఊళ్ల వీడియోల్లో ఎవరూ చెప్పరు. కండెన్సర్ మైకుకి తేమ పడదు, బరబరమని శబ్దం మొదలవుతుంది. పని అవగానే మూత బిగుసుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. కేబుల్ పిన్నులకి ఉప్పు పట్టి నల్లబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో తుడవండి.

మైకుకి ఒక జాన దూరంలో నిలబడండి. మన యాసలో 'చ' చాలా చోట్ల 'స' అవుతుంది కదా, సేప, సెప్పు, సూడు. ఆ 'స'లు మైకులో బుసకొడతాయి. మైకుని నోటికి సూటిగా పెట్టకుండా కొంచెం పక్కకి తిప్పితే బుస తగ్గుతుంది. తరవాత కంప్యూటర్లో కోసేద్దామని వదిలేయకండి, కోస్తే మాట మొద్దుబారుతుంది. గొంతు ఎంత పెంచినా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గరే ఆగేలా చూసుకోండి, ఎర్ర గీత తాకితే ఆ టేకు పోయినట్టే. ఇద్దరినీ విడివిడిగా రికార్డు చేయాలి, కానీ ఒకడు పాడుతున్నప్పుడు రెండోవాడు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎదురుగా నిలబడాలి. ఎదురుగా మనిషి లేకపోతే ఆ "ఏటి?" ఉత్తుత్తిగా వినిపిస్తుంది.

కాగితం మీద పెట్టుకోండి

ఇది స్నేహం మీద అనుమానం కాదు. స్నేహం మిగలాలనే చెప్తున్నాను.

పాటలో మాటలు, ట్యూను, రికార్డింగు మూడూ చట్టం దృష్టిలో వేరువేరు ఆస్తులు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రాసినవారు బతికున్నంత కాలం, ఆ తరవాత ఇంకో 60 ఏళ్లు మాటల మీద హక్కు ఉంటుంది. ఇద్దరూ విడదీయలేనంతగా కలిసి రాస్తే చివరగా పోయినవారి నుంచి లెక్క. అంటే మీ మనవల దాకా వెళ్లే విషయం. పాట పూర్తయిన రోజే ఒక తెల్ల కాగితం మీద ఎవరి వాటా ఎంతో రాసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టండి. సగం సగం అనుకుంటే సగం సగం అనే రాయండి. యూట్యూబ్‌లో దొరికే 'ఫ్రీ బీట్' చాలావరకు డబ్బు సంపాదించనంత వరకే ఫ్రీ. షరతులు చదివి, స్క్రీన్‌షాట్ తీసి దాచండి. కుదిరితే మన ఊరి కుర్రాడెవరిచేతైనా కొత్త బీటు చేయించుకోండి. మా వాళ్ల బీటులో తప్పెటగుళ్ల దెబ్బ రికార్డు చేసి కలిపాం.

ఎవరైనా కంపెనీ వాళ్లు పిలుస్తారని ఎదురుచూస్తూ కూర్చోవద్దు. దక్షిణ లండన్ జోడీ క్రెప్ట్ అండ్ కోనన్ 2013లో ఏ కంపెనీ ఒప్పందం లేకుండానే మిక్స్‌టేప్ అనే తమ పాటల కట్టని విడుదల చేస్తే అది బ్రిటన్ ఆల్బమ్ చార్టులో 19వ స్థానానికి చేరింది. ఒప్పందం లేనివాళ్లలో అంత పైకి వెళ్లినందుకు గిన్నిస్ రికార్డు వచ్చింది. వర్జిన్ ఈఎంఐ అనే పాటల కంపెనీ వాళ్లు ఆ తరవాతే వచ్చారు. 2015లో వాళ్ల ఆల్బమ్ రెండో స్థానంలో నిలిచింది. 2019లో బీబీసీలో కొత్త రాపర్ల పోటీకి వాళ్లే పెద్దలుగా కూర్చున్నారు. క్రొయిడన్‌లో క్రేప్‌లు, ఐస్‌క్రీములు అమ్మే కొట్టు కూడా ఇద్దరూ కలిసి పెట్టారు. డండీ కుర్రాళ్ల కథ చెప్పిన రోజే వీళ్ల కథ కూడా చెప్పాను. రెండు జోడీలకీ ప్రతిభ ఉంది. క్రెప్ట్, కోనన్ తమ గొంతుతోనే వెళ్లారు, కాబట్టి పేరు వచ్చాక దాచుకోవాల్సిందేమీ లేకపోయింది.

విడుదలకి ముందు

పాట ఎవరికి వినిపించాలి? తోటి రాపర్లకి వద్దు, వాళ్లు బీటు బావుందంటారు. ఫోన్లో ఎక్కించడానికి ముందు, మీకు మాట నేర్పిన మనిషికి వినిపించండి. కాగితం ఇవ్వకుండా, ఒక్కసారే. ఏ మాట అందలేదో అడగండి. అందని మాట ఉన్న ప్రతి చోటా తప్పు మీదే.

పెద్దోడు వాళ్ల నాయనమ్మని ఆటోలో మా గదికి తీసుకొచ్చాడు. మెట్లు ఎక్కలేకపోతే చిన్నోడు చెయ్యిపట్టుకుని ఎక్కించాడు. స్పీకరు పక్కన కుర్చీ వేశాం. తాత లైను దగ్గర ఆవిడ ఒక్కసారి నవ్వింది. పాట అయ్యాక అడిగితే అంతా తెలిసిందంది. ఒక్కచోట ఆగింది. హుక్‌లో వాడు 'నిద్రపోతున్నాది ఊరు' అన్నాడు. "నిద్రపోతన్నాదేటిరా, ఎవురంతార్రా మనింట్ల? తొంగున్నాది అనరా" అంది. వాడు నా వైపు చూశాడు. మాత్రలు లెక్కపెట్టుకున్నాం, కుదిరింది, ముందున్నదానికన్నా బాగా కుదిరింది. ఆవిడ అక్కడే కూర్చుంది, ఫ్యాను ఆపేశాం, కొంగుతో విసురుకుంటూ ఉంది. ఆ ఒక్క లైను మూడో టేకులో వచ్చింది.